అరవై నాలుగు గొర్రెలతో సముద్రవిహారం

ఏప్రిల్ 11

ఆత్మకూరు పోయి వచ్చాను. ఈ డైరీ శ్రీమన్నారాయణ ఇచ్చాడు. హైస్కూల్లో నా పక్క బెంచీవాడు, ఇప్పుడు వాళ్ల నాయన హోల్‌సేల్ కొట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చుంటున్నాడు. డైరీ పోయిన సంవత్సరంది. ఎవరో కంపెనీవాళ్లు ఊరికే ఇస్తే మూలన పడి ఉంది. ఇందులో వారాలు ఒకరోజు వెనక నడుస్తాయి. మా ఊరూ ఈ కాలానికి అంతకన్నా ముందేమీ లేదు కాబట్టి పేచీ లేదు.

టీచర్ ట్రైనింగు ఇంటర్వ్యూ కాగితం వాడి కొట్టు అడ్రసుకే వచ్చింది. నెల్లూరులో, మే 11, సోమవారం, పొద్దున పది గంటలకు. మా ఊరి పోస్టును నమ్ముకుంటే నేను రిటైరయ్యాక వచ్చేది.

ఈలోగా నెలరోజులు గొర్రెల్ని తోలుకుని సముద్రం పక్కకు పోవాలని చెప్పాను. వాడు ఎగిరి గంతేశాడు. "సముద్రం ఒడ్డునా? నెలా? అదృష్టవంతుడివిరా గోపాలయ్యా! మద్రాసులో పెద్దపెద్దోళ్లు టెంట్లు కొనుక్కోని మరీ పోతారు దీనికి."

అని ఊరుకోక, సరుకు చుట్టి వచ్చిన ఒక ఇంగ్లీషు పేపరు తీశాడు. సముద్రతీరాన విడిది చేసి సెలవులు గడిపేవారు చేయదగిన పది పనులు అట. సూర్యోదయ దర్శనం, ఇసుకలో వట్టికాళ్ల నడక, సముద్రస్నానం, గవ్వలు ఏరడం, పక్షుల్ని గమనించడం, ఆరుబయట వంట, గాలం వేయడం, బొమ్మలు గీయడం, మధ్యాహ్న నిద్ర, ఆత్మీయులకు ఉత్తరాలు. అన్నీ తెలుగు చేసి ఈ డైరీ చివరి పేజీలో వాడి చేత్తోనే రాసిచ్చాడు. కళ్లకద్దుకుని తీసుకున్నాను.

ఏప్రిల్ 12

బయల్దేరాం. నాయన వేపచెట్టెక్కి గొర్రెలకు మండలు నరుకుతూ కిందపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. వానల్లేవు. మా కొండకింద పచ్చగా కనిపించేది స్కూలు తలుపు ఒక్కటే, దానికి రంగు వేశారు. కాబట్టి మంద కోస్తాకు పోవాలి, కాబట్టి నేను పోవాలి.

నాయన మంచంలోనే లేచి కూర్చుని చెప్పాడు. "అరవై నాలుగు ఉండాయి. ఒక్కటి తగ్గకుండా తోలకరా. ఆమీట నువ్వు పంతులువైతావో కలెక్టరువైతావో నీ ఇష్టం. నేను అడ్డం రాను."

ఇది ఒప్పందం. మంద క్షేమంగా తిరిగిరావాలి, మధ్యలో ఒకరోజు నెల్లూరు పోయి రావాలి. అంతే. ఆ తర్వాత జన్మలో గొర్రె మొహం చూడను.

విహారబృందం ఇది: అరవై నాలుగు గొర్రెలు, సామాన్లు మోసే గాడిద, నేను, మా ఆవిడ. గాడిద పేరు జమీందారు, తనకిష్టమైనప్పుడే నడుస్తుంది. మా ఆవిడ మా మేనత్త కూతురు. పెళ్లయి రెండేళ్లు. అక్షరం రాదు. గొర్రె దగ్గితే ఎందుకు దగ్గిందో చెప్తుంది. నేను దగ్గితే అటు జరగమంటుంది.

ఏప్రిల్ 15

దుత్తలూరు దాటాం. వట్టికాళ్ల నడక అనే పనిని సముద్రం రాకముందే పూర్తిచేశాను.

ఏప్రిల్ 18

కలిగిరి. బజారు మధ్యగా పోవాల్సి వచ్చింది. ఇస్త్రీ చొక్కాలు వేసుకుని ఆఫీసులకు పోతున్నవాళ్లంతా నన్నే చూస్తున్నట్టు అనిపించింది. ఆ గొర్రెలు నావి కానట్టు, బస్సు కోసం వచ్చిన పెద్దమనిషిలాగా ఇరవై గజాలు వెనక నడిచాను. జమీందారు బస్టాండు నడిబొడ్డున ఆగిపోయాడు. ఆవిడే నెట్టుకుంటూ, తిట్టుకుంటూ, ఒక్కతే మందనంతా ఊరు దాటించింది.

"ఎనకబడినావేంది బావా? కాళ్లు నొస్తా ఉండాయా?" అంది ఊరి బయట.

నొస్తున్నాయన్నాను. పొయ్యి పెట్టగానే అన్నం కంటే ముందు నీళ్లు కాచి నా కాళ్లమీద పోసింది. నొప్పి లేని కాళ్లకు వేడినీళ్లు చాలా హాయిగా ఉంటాయి.

ఏప్రిల్ 21

కావలి రైల్వే గేటు. మంద సగం అటు, సగం ఇటు, పట్టాల మీద జమీందారు. గేటుమేన్ నా వంశాన్ని మూడు తరాల దాకా తలుచుకున్నాడు. నా ఎస్.ఎస్.ఎల్.సి. సర్టిఫికెట్టు జేబులోనే ఉన్నా అతనికి చూపించే సందర్భం రాలేదు.

ఏప్రిల్ 23

సముద్రం. చాలా నీళ్లున్నాయి. ఒక్క గుక్క తాగడానికి పనికిరాదు. మా ఊళ్లో తాగడానికి పనికొచ్చే నీళ్లు ఒక్క గుక్క కూడా లేవు. భగవంతుడు పంపకాల్లో మంచి నేర్పరి.

టెంటు వేశాను. మూడు కర్రలు, మీద నాయన గొంగడి. పడమటి గాలికి అది రెండుసార్లు లేచిపోయింది. మూడోసారి ఆవిడ లేచి, నా ముళ్లన్నీ విప్పి మళ్లీ కట్టింది. ఇప్పుడు నిలిచింది.

ఏప్రిల్ 26

ఇక్కడ మా జీవనం ఇది. ఒక్కోరోజు ఒక్కో రైతు పొలంలో మంద కట్టాలి. గొర్రెలు అక్కడ పడుకుంటే పొలానికి ఎరువు, మాకు గింజలు. అంటే మా గొర్రెలు పడుకుని సంపాదిస్తాయి. చదువుకున్నవాణ్ణి, నేను నిలబడి కాపలా కాస్తాను.

పక్షుల్ని గమనించాను. కాకులు. పుండుపడిన గొర్రె వీపు ఎక్కడుందో వాటికి నాకంటే బాగా తెలుసు. గవ్వలు ఏరాను. అవి గొర్రె గిట్టల్లో ఇరుక్కుంటే ముల్లుతో తీయాలి, దాన్ని ఏరడమే అంటారనుకుంటాను. ఆరుబయట వంట రోజూ జరుగుతోంది. సంగటిలో ఇసుక సమపాళ్లలో పడుతోంది.

ఏప్రిల్ 30

సూర్యోదయం చూశాను. నిన్నటిదే.

మే 4

పొలాల్లో గడ్డి అయిపోయింది. మెట్ట ఊళ్లనుంచి ఇంకో రెండు మందలు కూడా వచ్చాయి. రైతులు ఇక చాలు పొమ్మంటున్నారు.

బకింగ్‌హాం కాలువ పక్కన పెద్ద పర్ర ఉంది. సముద్రపు పోటు నీళ్లు వచ్చి ఆరిపోయి, నేలంతా తెల్లగా ఉప్పు పేరుకున్న బయలు. దానినిండా దళసరి ఆకుల మొక్కలు పచ్చగా ఉన్నాయి. ఒక్క పశువు కూడా అందులో లేదు. ఇక్కడివాళ్లకు ఇంత మేత కంటికి ఆనకపోవడం చూసి జాలేసింది.

మా పక్క ఉప్పు కొని, వారానికోసారి బండమీద చల్లితే గొర్రెలు తోసుకుని నాకుతాయి. ఉప్పు నాకిన గొర్రె బలంగా ఉంటుందని నాయన ఎప్పుడూ అనేవాడు. ఖనిజ లవణాలు పశువులకు అవసరమని నా సైన్సు పుస్తకంలోనూ ఉంది. ఇక్కడ ఉప్పు, మేత రెండూ ఒకేచోట, ఊరికే దొరుకుతున్నాయి. నాయనకు ఇరవై ఏళ్లుగా ఈ ఆలోచన ఎందుకు రాలేదో తెలియదు. చదువు లేక.

"వద్దు బావా," అంది ఆవిడ. "ముందు నీళ్లు యాడుండాయో చూసుకోవాల. ఉప్పు తిన్న నోరు ఊరుకుంటాదా?"

చేపల గంపతో పోతున్న మస్తానమ్మ అనే ఆమె కూడా ఆగింది. "ఆ పర్రలోకి మా ఎనుములే దిగవు నాయనా."

గేదెలకు సైన్సు తెలియదు కదా. తోలాను.

మే 6

గొర్రెలు తలెత్తకుండా మేస్తున్నాయి. ఇంత ఇష్టంగా ఎన్నడూ మేయలేదు. ఆవిడ ఏమీ అనడం లేదు. ఏమీ అనకపోవడంలో ఆవిడది పెద్ద చెయ్యి.

తెల్లచొక్కా ఉతికి ఆరేశాను. ఇంటర్వ్యూకు అయిదు రోజులుంది.

మే 7

బాగానే ఉన్నాయి. ఒకటి రెండు తూలుతున్నాయి, ఎండకు. కాలువలో నీళ్లు తాగించాను. అవి కూడా కాస్త ఉప్పుగానే ఉన్నాయి. బాగానే ఉన్నాయి.

మే 8

రెండు చచ్చిపోయాయి.

మే 9

ఇంకో రెండు. పదిహేను దాకా లేవడం లేదు. పారుకుంటున్నాయి, పళ్లు కొరుకుతున్నాయి, కళ్లు లోపలికి పోయాయి. మిగిలినవి సముద్రం వైపు పరిగెత్తుతున్నాయి. నీళ్లు కనబడుతున్నాయి మరి. వాటికి అడ్డంగా నిలబడి కర్రతో కొడుతున్నాను. దాహమేసిన జీవాన్ని నీళ్ల దగ్గరికి పోకుండా కొట్టడం నేనెప్పుడూ చేయలేదు.

ఆవిడ ఇసుకదిబ్బ వెనక్కి పోయి, నాలుగుచోట్ల ఇసుక పిడికిట్లోకి తీసుకుని వాసన చూసి, ఒకచోట మోకాళ్లమీద కూర్చుని చేతులతో చెలమ తవ్వడం మొదలుపెట్టింది. ఎండాకాలం మా పక్క బొగ్గేరు ఇసుకలో ఆడవాళ్లు తాగే నీళ్లకోసం తవ్వినట్టే. సముద్రానికి రెండువందల గజాల్లో మంచినీళ్లేమిటి, పిచ్చి ముదిరిందనుకున్నాను. మూరెడు లోతున ఊట వచ్చింది. తాగి చూశాను. తియ్యగా ఉన్నాయి.

నేను ఉత్సాహంగా ఇంకా లోతు తీశాను. ఉప్పునీళ్లు ఎగదన్నాయి. ఆ చెలమ పాడైంది.

"లోతు బోవద్దు బావా. పైపైనే ఉండాయి మంచివి. ఎడల్పుగా తీయాల," అని ఇంకో చోట మొదలుపెట్టింది.

సాయంత్రానికి ఆరు చెలమలు. నీళ్లు చూసి మంద మీదపడబోతే ఆవిడ అడ్డం పడుకుంది. "అన్నీ ఒక్కపాలిగా తాగితే పొట్టలుబ్బి ఈడనే చస్తాయి. నాలుగు నాలుగు ఇడువు. నాలుగు గుక్కలకి లాగెయ్." నేను చెవులు పట్టుకుని లాగుతూ ఉంటే ఆవిడ ఊరిన నీళ్లు ముంతతో పోస్తూ ఉంది. లేవలేనివాటికి నోరు తెరిచి పోసింది.

నా వల్ల నాలుగు చచ్చాయి. ఎండవల్ల కాదు. ఇక్కడైనా నిజం రాసుకోవాలి.

మే 10

ఇవాళ చావలేదు. ఎనిమిది ఇంకా పడుకునే ఉన్నాయి. చెలమలు గంటకోసారి పూడుకుపోతున్నాయి, మళ్లీ మళ్లీ తీయాలి. ఇద్దరు మనుషుల పని. ఆవిడ గోళ్లు రెండు ఊడాయి. గుడ్డ చుట్టుకుంది.

నేను నెల్లూరు పోను అన్నాను. గట్టిగా అనలేదు, అన్నాను.

"పో," అంది. "రెండేండ్లుగా నిద్దట్లో గూడా అదే కలవరిస్తావుండావు. పోకపోతే నీ మొగం నేను చూడలేను. నేనుండానుగా."

పోతే ఒక్కతే ఎలా చేస్తుందని అడగాలి. అడగలేదు. అడిగితే ఆగిపొమ్మంటుందేమోనని భయం. ఆవిడే తెల్లచొక్కా దులిపి ఇచ్చింది. మధ్యాహ్నమే కావలికి బయల్దేరుతున్నాను.

మే 11

నెల్లూరు స్టేషన్లో రాస్తున్నాను. సెలెక్టయ్యాను. జూన్ 15న చేరమన్నారు. ఇంటర్వ్యూ చాలా బాగా జరిగింది. కుటుంబం గురించి, సెలవుల గురించి అడిగారు. చెప్పాను.

మే 12

పడుకున్న ఎనిమిదీ లేచి నిలబడ్డాయి. అరవై ఉన్నాయి. ఆవిడ కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి, రెండు చేతులకూ గుడ్డలు. నన్ను చూడగానే అడిగింది గొర్రెల సంగతి కాదు.

"ఇచ్చినారా?"

"ఇచ్చారు."

అక్కడే ఇసుకలో కూలబడి ఏడ్చింది. సంతోషానికే. తర్వాత ముక్కు తుడుచుకుని, "ఏమడిగినారు?" అంది.

"సెలవుల్లో ఏం చేశావని."

"నువ్వేం చెప్పినావు?"

"ఉన్నదే చెప్పాను. గొర్రెలు, ఉప్పు, చెలమలు."

"నా మాట గూడానా?"

ఆ గుడ్డలు కట్టిన చేతులు చూస్తూ ఇంకేం చెప్పగలను?

"నీ మాట కూడా."

"పేరు పెట్టా?"

"పేరు పెట్టే."

"అంత పెద్దోళ్ల ముందరా!" అని నోటికి అడ్డంగా చెయ్యి పెట్టుకుంది. అప్పట్నుంచీ గొర్రెలకు నీళ్లు పెడుతూ ఒక్కొక్కదానికీ ఈ సంగతి చెప్తోంది.

మే 13

నెల్లూరులో నిజంగా జరిగింది ఇది. బల్లకు అవతల ముగ్గురున్నారు. నాయన ఏం చేస్తాడన్నారు. వ్యవసాయమన్నాను. సెలవులు ఎలా గడిపావన్నారు. నోరు తెరిస్తే, సముద్రతీరాన విడిది చేశానండి అని వచ్చింది. మధ్యలో కూర్చున్నాయన మొహం విప్పారింది. "స్కౌటు క్యాంపా? భేష్! ఏమేం చేశావు?" సూర్యోదయ దర్శనం, వట్టికాళ్ల నడక, గవ్వలు, పక్షులు, శ్రీమన్నారాయణ రాసిచ్చిన పదీ వరసన అప్పజెప్పాను. ఒక్కటీ తప్పిపోలేదు. "ఎవరితో వెళ్లావు?" అన్నాడు.

మిత్రులతో అన్నాను.

నేను ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ ఒక్కతే, ఊడిన గోళ్లతో, పూడిన చెలమ మళ్లీ తీస్తూ ఉండి ఉంటుంది. పిల్లల్లో ఇటువంటి చురుకుదనమే కావాలని పక్కాయనతో అన్నాడు పెద్దాయన. నమస్కారం పెట్టి బయటికి వచ్చాను. అప్పుడు సిగ్గు కూడా వేయలేదు. ఇప్పుడు వేస్తోంది.

మా పక్క రెండు వానలు పడ్డాయట. రేపు ఇంటిదారి. కావలి దాటాక ఆవిడకు చెప్పేస్తాను.

మే 16

కావలి దాటాం. గేటుమేన్ మళ్లీ తిట్టబోతే ఆవిడ, "మా ఆయన పంతులు, మర్యాదగా మాట్లాడు," అంది. కలిగిరి దాటాక చెప్తాను.

మే 19

కలిగిరి బజారులో ఈసారి మందకు ముందు నడిచాను. దానితో ఏదో చెల్లుకు చెల్లయినట్టు కాసేపు అనుకున్నాను కూడా. బావి దగ్గర నీళ్లు తోడుతున్న ముక్కూమొహం తెలియని ఆడవాళ్లకు ఆవిడ చెప్తోంది. "నెల్లూరు ఆఫీసర్లకాడ మా ఆయన నా పేరు చెప్పినాడు." వాళ్లు నోళ్లు తెరిచి వింటున్నారు. ఇల్లు చేరాక చెప్తాను.

మే 24

ఇల్లు. నాయన కర్ర ఊతంతో గుమ్మంలోకి వచ్చి లెక్కపెట్టాడు. అరవై. మళ్లీ లెక్కపెట్టాడు.

నేను నోరు తెరిచేలోపే ఆవిడ అంది. "నాలుగు పోయినాయి మామా. పర్రలో మేసినాయి. నేనే చూసుకోలా."

నాయన ఆవిడ చేతులు చూశాడు. తర్వాత నావైపు తిరిగాడు. నేను జమీందారు మీది సామాన్లు దించుతున్నాను.

"పోన్లే," అన్నాడు ఆవిడతో. "మొదటిసారి నేను పోయినప్పుడు ఇరవై రెండు పోగొట్టినా ఆ పర్రలోనే. మా నాయనకి దొంగలెత్తుకపోయినారని చెప్పినా. ఆమీట ఎవురికీ చెప్పలా." ఇన్నేళ్ల తర్వాత దాన్ని ఇంత తేలిగ్గా అనేశాడు. ఆ మాట ఏప్రిల్‌లో అని ఉంటే బాగుండేది. విని ఉండేవాడినని మాత్రం ప్రమాణం చేయలేను.

ఆవిడ వెంటనే రెండో సంగతి అందుకుంది. ఆఫీసర్లు, తన పేరు. నాయన అంతా విన్నాడు. "నిజమేనారా?" అని నన్ను అడిగాడు. నిజమేనన్నాను.

మే 27

ట్రంకుపెట్టె సర్దుకుంటూ ఈ డైరీ అడుగున పెట్టబోతుంటే ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది.

"ఆడ ఉన్నన్నాళ్లూ దీంట్లోనే గదా రాస్తా ఉన్నింది?"

"దీంట్లోనే."

"అయితే దీంట్లో గూడా నా పేరు ఉంటాది."

"ఉంటుంది."

"యాడుండాది, చూపియ్యి బావా. నా పేరు ఎట్టుంటాదో నేనెప్పుడూ చూళ్లా."

తిప్పాను. ఏప్రిల్ 11 నుంచి ఒక్కొక్క పేజీ. ఆవిడ, మా ఆవిడ, ఆవిడ. మళ్లీ మొదటినుంచి తిప్పాను. శ్రీమన్నారాయణ పేరుంది. దారిన పోయిన మస్తానమ్మ పేరుంది. గాడిదకు కూడా పేరుంది. ఆవిడ నా భుజం మీదుగా వంగి, ఓపిగ్గా, పేజీ తిరిగినప్పుడల్లా ఇదేనా అన్నట్టు చూస్తోంది. ఏదో ఒక మాట మీద వేలు పెట్టి ఇదే అంటే సరిపోయేది. తనకేం తెలుస్తుంది? పెట్టబోయాను కూడా.

పెట్టలేకపోయాను. పెన్ను తీసి, ఈ పేజీ మీదనే రాశాను.

దేవకమ్మ.

తను వేలుతో మెల్లగా తడిమింది. సిరా వేలికి అంటుకుంది. వేలు చూసుకుంది, పేజీ చూసింది, నన్ను చూసింది.

"ఇప్పుడా రాసేది?"

పెన్నుకు మూత పెట్టాను.

"అయితే ఆ ఆఫీసర్లకాడ గూడా చెప్పలా."

"చెప్పలేదు."

దేవకమ్మ లేచి, గొర్రెలకు నీళ్లు పెట్టడానికి వెళ్లింది.